పూత మందం

పులస పెట్టెలోకి మూడొంతులు వెళ్ళి ఆగిపోయింది.

పులస అంటే ఇక్కడ చేప కాదు. రాజమండ్రి శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పన్నెండు మంది విద్యార్థులు మూడేళ్ళుగా తయారుచేస్తున్న ఉపగ్రహం. రెండు చేతుల్లో ఇమిడిపోయే చదరపు అల్యూమినియం డబ్బా. కాగితాల మీద దానికో పొడవాటి ఇంగ్లీషు పేరుంది గానీ, వరదకి ఎదురీదే చేప పేరు ఎవరో మొదటి ఏడాదే పెట్టేశారు, అదే నిలిచిపోయింది. గోదావరి సముద్రంలో కలిసే చోట నీటి రంగు నెలనెలా ఎలా మారుతోందో పైనుంచి ఫొటోలు తీయడం దాని పని.

అది పట్టాల్సిన పెట్టె కూడా కాలేజీలో చేసుకున్నదే. రాకెట్‌లో ఇలాంటి చిన్న ఉపగ్రహాలని ఒక స్ప్రింగు పెట్టెలో కూర్చోబెడతారు. పైకి వెళ్ళాక తలుపు తెరుచుకుంటుంది, స్ప్రింగు నెడుతుంది, ఉపగ్రహం జారి బయటపడుతుంది. ఆ పెట్టెకి అచ్చంగా సరిపోయే నకలు ఇది. ఇందులో నూనె రాసినట్టు జారకపోతే అక్కడా జారదు.

నాగదుర్గ రెండు బొటనవేళ్ళతో మెల్లగా నెట్టింది. కదల్లేదు. వెనక్కి లాగింది. కిర్రుమని వచ్చింది. ఏప్రిల్ ఎండకి రేకుల గది పొయ్యిలా ఉంది. పన్నెండు మందిలో ఒక్కరూ చెమట తుడుచుకోలేదు.

"మైక్రోమీటర్ ఇవ్వు" అన్నారు చంద్రరావు గారు. ఆయన మెకానికల్ ప్రొఫెసరు, ఈ బృందానికి పెద్దదిక్కు. అటూ ఇటూ తిప్పి నాలుగు చోట్ల కొలిచారు. వంద మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్ ఒకటి దాకా ఎక్కువున్నా పరవాలేదు. వచ్చింది వంద పాయింట్ ఒకటి మూడు.

"ముప్పై మైక్రాన్లు ఎక్కువ" అంది రమ్యశ్రీ. ఆమె సర్క్యూట్ల మనిషి, నాగదుర్గకి హాస్టల్లో గది పంచుకునే స్నేహితురాలు. "వెంట్రుకలో సగం కూడా లేదు కదండి సార్!"

"సగం వెంట్రుక చాలమ్మా ఇరుక్కుపోవడానికి" అన్నారాయన. "ఇది కోత తప్పు. ఆ వర్క్‌షాపు ఆయన కొలత మీరిపోయాడు. చూసుకోకుండా పంపించాడు."

టీమ్ లీడరు గణేష్‌బాబు నాగదుర్గ వైపు తిరిగాడు. ఫైనలియర్ కుర్రాడు. మనిషి నెమ్మది. "నీ డ్రాయింగ్ పర్ఫెక్ట్. అది మా అందరికీ తెలుసు. నువ్వేం కంగారుపడకు."

నాగదుర్గ నోరు తెరిచింది. అప్పటికే ఆమెకి విషయం తెలిసిపోయింది. మైక్రోమీటరు మీద అంకె చూడగానే, ఎక్కడో లోపల తీసివేత లెక్క దానంతటదే జరిగిపోయింది. పాయింట్ ఒకటి మూడులోంచి పాయింట్ సున్నా ఐదు తీసేస్తే పాయింట్ సున్నా ఎనిమిది. వర్క్‌షాపు నుంచి వచ్చిన రోజు పులస బయటి ఫ్రేము కొలత అదే. తాను గీసిన హద్దుకి లోపలే. మధ్యలో కలిసిన ఆ పాయింట్ సున్నా ఐదు విశాఖలో వేయించిన పూతది. అల్యూమినియం మీద రసాయనంతో గట్టి పొర పెంచుతారు. ఆ పొర సగం లోహంలోకి దిగుతుంది, సగం పైకి లేస్తుంది. ఇటు ఒక పక్కా అటు ఒక పక్కా లేచింది కలుపుకుంటే సరిగ్గా అంత. పూత మందం వదిలిపెట్టి కొలత ఇవ్వాల్సింది డ్రాయింగ్ గీసినవాళ్ళు. గీసింది తను.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. అది ఎవరికీ తెలియదు.

జనవరిలో, మిడ్ పరీక్షకి హాలు బయట నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. వర్క్‌షాపు త్రిమూర్తులు గారు. "అమ్మాయిగారండి, ఈ ఫ్రేముకి తర్వాత ఏవన్నా పూత వేస్తారాండి? వేసేట్టయితే చెప్పండి, ఆ మేరకి తగ్గించి కోస్తాను." లోపలికి పిలుస్తున్నారు. చేతిలో నోట్సు, నోట్లో ఫార్ములాలు. "డ్రాయింగ్‌లో ఎలా ఉంటే అలా చేసేయండి బాబాయ్ గారు" అనేసి పెట్టేసింది. ఆయన మళ్ళీ ఫోన్ చేయలేదు.

తెరిచిన నోరు అలాగే మూసుకుంది. చెప్పాలనుకున్న మాటకీ గణేష్‌బాబు అన్న మాటకీ మధ్య ఒక్క క్షణమే ఖాళీ ఉంది. ఆ క్షణం దాటిపోయింది.

ఇంతలో ఎవరో ఎమెరీ కాగితం తెచ్చారు. ఇరుక్కుంటున్న అంచుల్ని కాస్త రుద్దేస్తే ఐదు నిమిషాల్లో పని అయిపోతుందన్నారు. పదకొండు రోజుల్లో కుదుపుల పరీక్ష. ఉపగ్రహాన్ని ఒక బల్లకి బిగించి రాకెట్ లేచేటప్పటిలా ఊపి చూస్తారు. ఆ బల్ల దొరకడానికి ఏడు నెలలు ఎదురుచూశారు. అందరి కళ్ళూ ఆ కాగితం మీదే ఉన్నాయి.

"వద్దు" అంది నాగదుర్గ. "రుద్దితే పూత పోయి ఉత్త లోహం బయటపడుతుంది. గాలి లేని చోట లోహానికి లోహం అంటుకుపోతుంది. పెట్టెలోంచి మన పులస రాకపోతే, అదే పెట్టెలో వెనకున్న ఇంకో కాలేజీ వాళ్ళదీ రాదు. పూతంతా కరిగించి తీసేసి, మళ్ళీ వేయించాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు గణేష్‌బాబు.

"పదిహేను రోజులైనా పడుతుందన్నా."

చంద్రరావు గారు ఫోన్ తీసి స్పీకర్లో పెట్టి వర్క్‌షాపుకి కలిపారు. ఆయన మామూలుగా అరిచే మనిషి కాదు. కానీ ఆ రోజు గొంతు పెరిగింది. మైక్రాన్ల లెక్క చెప్పి, "అయ్యా, ఇది ధాన్యం మిల్లు షాఫ్టు కాదు, చూసుకోవక్కర్లేదా?" అన్నారు.

అటువైపు లేత్ మిషన్ రొద ఆగింది.

"నేను పాయింట్ సున్నా ఎనిమిది మీద ఇచ్చినట్టు గుర్తండి సార్" అన్నారు త్రిమూర్తులు. తర్వాత, "పొరపాటు నా దగ్గరే జరిగుండొచ్చులెండి. పంపించండి, చూస్తాను" అన్నారు.

అంతే. పూత గురించి అడిగానని ఆయన అనలేదు. అంటారేమోనని నాగదుర్గ ఎదురుచూసింది. ఆయన అననందుకు ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడటమే ఆ తర్వాత ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

*

మర్నాడు పొద్దున్నే ఫ్రేముని నురుగు అట్టల మధ్య చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, మోరంపూడి వెళ్ళే బస్సెక్కింది. ఫ్రేము తానే తీసుకెళ్తానని తానే అడిగింది. "నువ్వెళ్ళడమే మంచిది, దగ్గరుండి కొలిపించు" అన్నాడు గణేష్‌బాబు. అతను ఇంకా ఆమె పక్షానే ఉన్నాడు.

త్రిమూర్తులు వర్క్‌షాపంటే రెండు షట్టర్ల గది. ఒక లేత్, ఒక మిల్లింగ్ మిషను, ఒక డ్రిల్లు. రైసు మిల్లుల షాఫ్టులు, కడియం నర్సరీల మోటార్లు, పడవ ఇంజన్ల రెక్కలు, అన్నీ అక్కడికే వస్తాయి. అరవై దగ్గర పడిన మనిషి. చొక్కా జేబులో కళ్ళజోడు, వేళ్ళ గీతల్లో ఎన్నేళ్ళు కడిగినా పోని నలుపు. ఆయన భార్య లోవలక్ష్మి గారు వెనక గదిలోంచే వ్యవహారమంతా చూస్తారు.

"రండమ్మా, ఎండలో వచ్చారు" అంటూ ఆవిడ స్టీలు గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. ముఖంలో ముభావం ఉంది, మర్యాదకి మాత్రం లోటు లేదు. "నిన్న మీ సారుగారు ఫోన్ చేసినకాణ్ణించి ఈయన అన్నం సరిగ్గా తినలేదండి. వీధిలో అందరికీ చెప్పుకున్నాడు, నా చేత్తో కోసింది ఆకాశంలోకి ఎల్తందీ అని."

"నువ్వూరుకో" అన్నారు త్రిమూర్తులు. ఫ్రేముని గుడ్డ మీద పెట్టి, చేతులు తుడుచుకుని, కొలిచారు. వంద పాయింట్ ఒకటి మూడు. తల ఊపి, బల్ల సొరుగులోంచి ఒక పాత డైరీ తీశారు. పేజీలు తిప్పి ఆమె ముందు పెట్టారు.

గుండ్రటి తెలుగు అక్షరాలు. తేదీ. నాలుగు మూలల కొలతలు, నాలుగూ వంద పాయింట్ సున్నా ఎనిమిది. కింద ఒక వాక్యం: "పూత సంగతి అడిగాను. అమ్మాయిగారు కాగితంలో ఉన్నట్టే చెయ్యమన్నారు."

ఆ వాక్యాన్ని నాగదుర్గ రెండుసార్లు చదివింది.

"ఇది ఉండగా నిన్న సార్‌తో ఎందుకు చెప్పలేదండి?"

ఆయన కళ్ళజోడు తీశారు. "పదిమందిలో మీ పేరెందుకులెండి అనిపించింది. స్పీకర్లో పెట్టారని తెలుస్తానే ఉంది. చదువుకునే పిల్ల. నాదేముంది, రేపు ఇంకో మిల్లు పని వస్తాది."

"నాదే తప్పండి" అంది. మొదటిసారి ఆ మాట బయటికొచ్చింది. "పూత మందం నేను లెక్కేయలేదు. పూత వేయిస్తామన్న కాగితం మీకు పంపనే లేదు. మీరు అడిగారు, నేను వినలేదు. నిన్న నాకు అక్కడే తెలుసండి. అయినా నోరు మెదపలేదు."

లోవలక్ష్మి గారు గుమ్మంలో నిలబడి వింటోంది. త్రిమూర్తులు ఫ్రేముని వేలితో నిమిరారు.

"మీ తప్పు సరేనండి. నాదీ ఒకటుంది" అన్నారు మెల్లగా. "ఒక్కసారి అడిగి ఊరుకున్నాను. ఇదే మిల్లు షాఫ్టయితే ఊరుకునేవోణ్ణి కాదు. ఏవండీ, ఇలా కోస్తే రేపు బేరింగు ఎక్కదు, మళ్ళీ నా పీకమీదకే వస్తారు అని పోట్లాడేవోణ్ణి. మిల్లు ఓనరు ఎంత పెద్దాయనైనా సరే. ఇది రాకెట్టు. మీరంతా చదువుకున్నోళ్ళు. వాళ్ళకి తెలీదేంటి, మనకి తెలిసిందేంటి అనుకున్నాను. నాకు అనుమానం పోలేదండి. రెండు రోజులు పోలేదు. అయినా కోసేశాను."

ఆ మాటకి నాగదుర్గకి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. రామలక్ష్మి నరసాపురం బజార్లో చేపలమ్ముతుంది. బేరంలో ఆవిడ గొంతు వీధి చివరికి వినపడుతుంది. నాగదుర్గ పదో తరగతిలో ఉండగా ఒకసారి అమ్మకి జ్వరమొస్తే తానే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు మాత్ర రాస్తుంటే అమ్మ చాలా చిన్నగా, "ఆ మాత్ర నాకు పడదండి" అంది. ఆయన తలెత్తకుండా "ఏం కాదు, వేసుకో" అన్నాడు. అమ్మ మరి మాట్లాడలేదు. వేసుకుంది. ఒళ్ళంతా దద్దుర్లు లేచి మూడు రోజులు పడుకోలేకపోయింది. "ఇంకోసారి ఎందుకు చెప్పలేదు?" అని నాగదుర్గ అరిస్తే, "ఆయనకి తెలీదేంటే" అంది. ఆ డాక్టరు మీద నాగదుర్గకి ఇప్పటికీ కోపమే. పరీక్ష హాలు బయట నిలబడి తాను అన్న మాటా ఆ డాక్టరు అన్న మాటా పక్కపక్కన పెట్టి చూసుకుంది. తేడా ఏమీ కనపడలేదు.

"ఇవాళే సార్‌తో చెప్తానండి" అంది లేచి నిలబడి.

"చెప్పండి. కానీ ముందు ఇది చూడండి" అన్నారాయన. ఆయన మనసు అప్పటికే పనిలోకి వెళ్ళిపోయింది. "పూత కరిగిస్తే, అది తినేసిన లోహం తిరిగి రాదు గదండి. వంద పాయింట్ సున్నా మూడుకి వస్తాది. మళ్ళీ పూత వేస్తే సున్నా ఎనిమిది. సరిపోతాది గానీ అంచు మీద ఉంటాది. మధ్యలో నాకివ్వండి. ఒక్క పాయింట్ సున్నా మూడు తీసేస్తాను. ఆఖరికి సున్నా ఐదు మీద వస్తాది, మీకు హాయిగా ఉంటాది."

ఆయన నోటి లెక్క ఆమె రాత్రంతా కాగితం మీద వేసుకున్న లెక్కే. ఒక్క అంకె తేడా లేదు.

*

ఆ మధ్యాహ్నం రేకుల గదిలో అందరూ ఉన్నప్పుడే చెప్పింది. ముందు ఒక్క చంద్రరావు గారికే చెబుదామనుకుంది. కానీ వర్క్‌షాపు తప్పని అందరి ముందూ అనుకున్నారు కాబట్టి కాదని కూడా అందరి ముందే చెప్పాలనిపించింది. బోర్డు మీద మూడు అంకెలు రాసింది. జనవరి ఫోను సంగతి చెప్పింది. డైరీ పేజీ ఫొటో చూపించింది.

చంద్రరావు గారు బోర్డు వైపు చాలాసేపు చూశారు. "డ్రాయింగ్ కింద నా సంతకం కూడా ఉందమ్మా" అన్నారు చివరికి. "నేనూ చూడలేదు. చూడకుండా ఆ పెద్దమనిషిని ఫోన్‌లో అన్నాను." కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఫోన్ సరిపోదు. నేనే వెళ్ళాలి."

గణేష్‌బాబు లేచి బయటికి వెళ్ళిపోయాడు. నాగదుర్గ వెనకే వెళ్ళింది. సైకిల్ స్టాండు దగ్గర అతను నిలబడి ఉన్నాడు.

"అన్నా, సారీ."

"దేనికి?"

"తప్పు గీసినందుకు."

"దానికి కాదు." అతను ఆమె వైపు చూడలేదు. "తప్పు గీస్తాం. నేను మొదటేడాది బ్యాటరీ తిరగేసి పెట్టి బోర్డు కాల్చేశాను, గుర్తుందా? నిన్న నీ డ్రాయింగ్ పర్ఫెక్ట్ అని పదిమందిలో అన్నాను. నువ్వు నిలబడి విన్నావు. సార్ ఆయన్ని తిడుతుంటే కూడా నిలబడి విన్నావు. అదెలా విన్నావో నాకర్థం కావట్లేదు."

భయమేసిందని చెప్పొచ్చు. అది నిజమే గానీ, చాలదని ఆమెకే తెలుసు.

కుదుపుల పరీక్ష తేదీ వదులుకున్నారు. ఆ బల్ల ఇంకో కాలేజీకి వెళ్ళింది. తర్వాతి తేదీ జూన్ నెలాఖరుకి దొరికింది. అప్పటికి ఫైనలియర్ వాళ్ళెవరూ ఉండరు. మూడేళ్ళు పులసని మోసిన గణేష్‌బాబుకి పుణెలో ఉద్యోగం. జూన్ మొదటి వారంలోనే చేరాలి. అతను వెళ్ళేలోపు ఫైళ్ళన్నీ వరసగా సర్ది, ఎవరికి ఏ పని ఇవ్వాలో రాసి, మిగతా అందరితో మాట్లాడి వెళ్ళాడు. నాగదుర్గకి రాసిన కాగితంలో పని వివరాలున్నాయి. అంతకుమించి ఒక్క మాట లేదు. అతను వెళ్ళిన రోజు ఆమె స్టేషనుకి వెళ్ళింది. అతను అందరికీ చెయ్యి ఊపాడు. ఆ అందరిలో తానూ ఉందో లేదో ఆమెకి తెలియలేదు.

*

చంద్రరావు గారు అన్నట్టే వర్క్‌షాపుకి వెళ్ళారు. నాగదుర్గా వెంట ఉంది. ఆయన చెప్పులు గుమ్మంలో విడిచారు, వర్క్‌షాపులో ఎవరూ చెప్పులు విడవరు, ఇనుప పొట్టు గుచ్చుకుంటుంది. లోవలక్ష్మి గారు కంగారుపడి మళ్ళీ వేయించింది. "ఆ రోజు తొందరపడ్డానండి త్రిమూర్తులు గారు" అన్నారాయన. త్రిమూర్తులుకి ఎటు చూడాలో తెలియక మిల్లింగ్ మిషను వైపు చూస్తూ "ఆయ్, దానిదేముందండి" అన్నారు. లోవలక్ష్మి గారు మాత్రం ఊరుకోలేదు. "ఉందండి, ఎందుకు లేదు" అంది. అని, అందరికీ కాఫీ తెచ్చింది.

కొత్త డ్రాయింగ్ నాగదుర్గ ఈసారి తెలుగులో కూడా రాసి తెచ్చింది. పూత ఎంత, పూతకి ముందు కొలత ఎంత, తర్వాత ఎంత అని. కింద మూడు సంతకాలకి చోటు వదిలింది. గీసినవాళ్ళది, చూసినవాళ్ళది, కోసేవాళ్ళది. కోసేవాళ్ళు ఒప్పుకోకపోతే పని మొదలవదు.

త్రిమూర్తులు వెంటనే సంతకం పెట్టలేదు. కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళారు. ప్రశ్నలు మొదలయ్యాయి. మరమేకుల రంధ్రాల్లో పూత పడకుండా మూస్తారా? మూస్తామంది. కరిగించే మందు మూలల్లో నిలిచిపోతే లోహాన్ని తినేస్తుందే, ఎలా కడుగుతారు? విశాఖ వాళ్ళని అడిగి చెప్తానంది. పూత తొట్టిలో ముంచేటప్పుడు వేలాడదీసే కొక్కెం ఎక్కడ తగిలిస్తారు? తగిలించిన చోట పూత పడదు గదా, అది జారే అంచు మీద పడితే?

ఆ చివరి ప్రశ్న దగ్గర నాగదుర్గ ఆగిపోయింది. చంద్రరావు గారు కూడా. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. మొదటిసారి కొక్కెం ఎక్కడ పెట్టారో ఎవరూ చూసుకోలేదు. ఫ్రేము తీసి వెలుతురులో తిప్పితే, జారే అంచు మీద కాకపోయినా దానికి రెండు మిల్లీమీటర్ల దూరంలో, గోరంత తెల్లటి మచ్చ కనపడింది. ఇంకాస్త పక్కకి జరిగుంటే ఎవరికీ తెలియకుండా ఉత్త లోహంతో పైకి వెళ్ళుండేది.

"ఇంకేవన్నా అనుమానాలున్నాయాండి?" అని అడిగింది.

"ఉంటే రెండుసార్లు అడుగుతాన్లెండి" అన్నారాయన. అందరూ నవ్వారు. నాగదుర్గ నవ్వుతూనే కొక్కేనికి చోటు గీసింది. అప్పుడు ఆయన సంతకం పెట్టారు.

*

జూన్ మూడో వారంలో, మొదటి వాన పడి రేకుల గది కాస్త చల్లబడిన రోజున, పులసని మళ్ళీ పెట్టెలో పెట్టి చూశారు. త్రిమూర్తులు గారిని చంద్రరావు గారే కారులో తీసుకొచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. లోవలక్ష్మి గారూ వచ్చింది. "ఇంతేనా ఇది!" అంది పులసని చూసి, "మా మనవడి టిఫిన్ డబ్బా ఇంతకన్నా పెద్దది."

ముందు నాగదుర్గ కొలిచింది, తర్వాత త్రిమూర్తులు, తర్వాత రమ్యశ్రీ. ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా కాగితాల మీద రాసుకున్నారు. మూడు కాగితాల మీదా వంద పాయింట్ సున్నా ఐదుకీ ఆరుకీ మధ్యే వచ్చింది.

పెట్టెని వాలుగా ఎత్తారు. పులస తన బరువుకి తానే జారి నాగదుర్గ చేతుల్లోకి వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. త్రిమూర్తులు కొట్టలేదు. తల పక్కకి వంచి, "ఇంకోసారి కానివ్వండి" అన్నారు. మళ్ళీ జారింది. "ఒక మూల ఏదో రాసుకుంటందండి. చెవికి తెలుస్తంది" అన్నారు.

ఎవరికీ వినపడలేదు. అయినా తీసి చూశారు. ఒక మూల జారే అంచుకి టేపు ముక్క, చీమంత, అంటుకుని ఉంది. వైర్లు కట్టేటప్పుడు రమ్యశ్రీ చేతినుంచి పడ్డది. ఆమె నాలిక కరుచుకుంది. పట్టకారుతో తీసేశారు. మూడోసారి జారినప్పుడు ఆయన తల ఊపారు.

వారం తర్వాత కుదుపుల పరీక్ష. పొరుగు రాష్ట్రంలోని ఒక ల్యాబు. నాగదుర్గ, రమ్యశ్రీ, చంద్రరావు గారు రైల్లో వెళ్ళారు. పెద్ద ఇనుప బల్ల మీద పులసని బిగించి, గాజు అద్దం అవతల నిలబడ్డారు. రొద మొదలయ్యేసరికి నేల కూడా అదిరింది. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ నాగదుర్గ ఫ్రేములోని ప్రతి మరమేకునీ మనసులో తలుచుకుంటూ వచ్చింది. ఆగాక చూస్తే ఫ్రేము చెక్కుచెదరలేదు. మర ఒక్కటీ వదులవలేదు. కెమెరా కటకం చుట్టూ ఉన్న రింగు మాత్రం అతుకు దగ్గర విడిపోయింది. దానికి ఇంకో జిగురు కావాలి, ఇంకోసారి పరీక్ష కావాలి. పాసైనట్టూ కాదు, తప్పినట్టూ కాదు. ల్యాబు వాళ్ళు అలవాటైన పనిలా రిపోర్టు రాసిచ్చారు.

తిరుగు బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నప్పుడు నాగదుర్గ ఫోన్ తీసింది. గ్రూపులో రిపోర్టు అప్పటికే రమ్యశ్రీ పెట్టేసింది. గణేష్‌బాబు దాన్ని చూసినట్టు గుర్తు కూడా పడింది. జవాబు లేదు. రెండున్నర నెలలుగా అతను ఆమెతో మాట్లాడలేదు. చాలాసేపు ఆ పేరు వైపు చూసి, చివరికి నొక్కింది. మోగి మోగి ఆగిపోతుందనుకున్న సమయానికి ఎత్తాడు.

"చెప్పు."

"ఫ్రేము నిలబడిందన్నా. మరలు కూడా అన్నీ బిగుతుగానే ఉన్నాయి. రింగు ఊడింది."

"చూశాను." వెనక ట్రాఫిక్ మోత వినపడింది. "పెట్టెలో పెట్టి చూసినప్పుడు కొలత ఎవరు తీశారు?"

"ముగ్గురం తీశాం. విడివిడిగా. త్రిమూర్తులు గారు కూడా."

"ఊఁ."

ఆమె ఎదురుచూసింది.

"నాకు కోపం ఇంకా పోలేదు నాగదుర్గా" అన్నాడు.

"తెలుసన్నా. పోవాలని ఫోన్ చేయలేదు. మూడేళ్ళు మోశావు. ఆ బల్ల మీద ఊగుతుంటే నువ్వుండాల్సింది అనిపించింది. అది చెప్దామని."

ఫోన్ పెట్టేశాడేమోనని ఆమె తెర వైపు చూసింది. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

"ఆ రింగు ఏ పక్క ఊడింది?" అన్నాడు చివరికి. "కనెక్టర్ వైపా, ఇవతలి వైపా?"

"కనెక్టర్ వైపు."

"అనుకున్నాను. అక్కడ జిగురుకి పట్టు లేదు. రెండో ఏడాదే నేను ఒక మాట అన్నాను, ఎవరూ పట్టించుకోలేదు. నీ దగ్గర కాగితం ఉందా?"

"ఉంది, చెప్పన్నా. నేను వింటున్నాను."

బండి ప్లాట్‌ఫారం మీదకి వస్తోంది. రమ్యశ్రీ సంచులు అందుకుంటూ రమ్మని సైగ చేసింది. నాగదుర్గ పులస పెట్టెని గుండెకి ఆనించుకుని, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, జనంతోపాటు మెల్లగా బోగీ వైపు నడిచింది. "ఆగు, ఆగు, మళ్ళీ చెప్పు, సరిగ్గా వినపడలేదు" అంటూ.